ఎంకేఎస్ఎస్: లెక్క అడిగిన కూలీలు

సమాచార హక్కు చట్టం అనగానే చాలామంది పోటీ పరీక్షల అభ్యర్థులు 2005 దగ్గరే ఆగిపోతారు. ఆ చట్టానికి పునాది వేసింది రాజస్థాన్ పల్లెల్లోని కరువు పనుల కూలీలు. చేసిన పనికి కనీస వేతనం అందక వారు పోరాటానికి దిగారు.

ఐఏఎస్‌ను వదులుకున్న అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ నేటి రాజ్‌సమంద్ జిల్లాలోని దేవ్‌డూంగ్రీలో నివాసముండి స్థానికులతో కలిసి పనిచేశారు. 1990 మే 1న భీమ్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ (ఎంకేఎస్ఎస్) ఏర్పడింది. ఈ సంస్థ విదేశీ నిధులు తీసుకోదు. పూర్తికాల కార్యకర్తలకు కనీస వేతనం మేరకే భృతి ఇస్తుంది. ఇంత నిరాడంబరత వల్లే పల్లె దాన్ని నమ్మిందని చెప్పాలి.

ఈ సంస్థ వ్యూహంలో ముఖ్యమైనది 'జన్ సున్వాయీ', అంటే బహిరంగ విచారణ. మస్టర్ రోల్స్ (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు, వోచర్లు ఊరందరి ముందు చదువుతారు. చనిపోయినవారి పేరిట కూలి డ్రా చేసినా, కట్టని గోడకు బిల్లు పెట్టినా అక్కడికక్కడే బయటపడుతుంది. మొదటిది 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో జరిగింది. 1996లో సమాచార హక్కు కోసం బ్యావర్‌లో 40 రోజుల ధర్నా చేశారు. నినాదం: 'హమారా పైసా, హమారా హిసాబ్' (మన డబ్బు, మన లెక్క).

రాజస్థాన్ సమాచార హక్కు చట్టం 2000లో వచ్చింది. కేంద్ర చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ కింది సామాజిక తనిఖీ ఈ విచారణల వారసత్వమే. ఎంకేఎస్ఎస్ తోడ్పాటుతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే ఆ తనిఖీలు మొదలుపెట్టింది. మెయిన్స్‌లో పారదర్శకతపై ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ తప్పక రాయండి.