బ్రౌజరు మారిస్తే ఏం మారుతుంది?

మా అన్నయ్య కూతురు భారతి ఎనిమిదో తరగతి చదువుతోంది. పోయిన ఏడాది ఒకనాటి రాత్రి ఎనిమిది గంటలకు వాళ్ల నాన్న ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని, ఏడుపు మొహంతో మా ఇంటికి వచ్చింది. ఉపకార వేతనం పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవడానికి ఆ రాత్రి పన్నెండు గంటలతో గడువు సరి. పేరు, ఊరు, బడి పేరు అన్నీ నింపింది. ఫొటో కూడా ఎక్కించింది. తీరా చివరనున్న ‘సమర్పించు’ అనే బొత్తాం నొక్కితే చలనం లేదు! పదిసార్లు నొక్కింది, ఇరవైసార్లు నొక్కింది. ఊహూఁ!

“కంగారుపడకు, ఇంకో బ్రౌజరులో తెరిచి చూద్దాం” అన్నాను. అదే కంప్యూటరులో ఎవరూ వాడకుండా ఇంకొకటి పడి ఉంది. మళ్లీ మొదటినుంచీ నింపి బొత్తాం నొక్కేసరికి దరఖాస్తు అందినట్టు నంబరు వచ్చింది. అప్పటికి తొమ్మిదిన్నర.

భారతి కళ్లు తుడుచుకుని వెంటనే తీర్పు చెప్పేసింది: “బాబాయ్, పాత బ్రౌజరు ఉత్త దండగ. రేపటినుంచి అన్నీ కొత్తదాంట్లోనే!”

పిల్లలూ, ఈ తీర్పు సరైనదేనా? తలనొప్పి వచ్చిందనుకోండి. మాత్ర మింగి, కాఫీ తాగి, గంటసేపు నిద్రపోయి లేచారు. నొప్పి పోయింది. పోగొట్టింది మాత్రా? కాఫీయా? నిద్రా? మూడూ ఒకేసారి చేశారు కాబట్టి చెప్పలేరు. భారతి చేసిందీ అదే.

ఇంతకీ బ్రౌజరు చేసే పని ఏమిటి? మనం తెరమీద చూసే పేజీ, తయారైన పేజీగా మన ఇంటికి రాదు. ‘ఇక్కడ పెద్ద అక్షరాలతో శీర్షిక, దానికింద ఈ బొమ్మ, ఈ బొత్తాం నొక్కితే ఈ పని’ అంటూ సూచనలు మాత్రమే వస్తాయి. అంటే ఇల్లు రాదు, ఇంటి ప్లాను వస్తుందన్నమాట. దాన్ని చదివి ఇల్లు కట్టే మేస్త్రీయే బ్రౌజరు. ఇలాంటి మేస్త్రీని మొట్టమొదట తయారుచేసినవాడు టిమ్ బెర్నర్స్-లీ. 1990లో, జెనీవా దగ్గర ఉన్న సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో.

మేస్త్రీ పని ఎంత చిక్కో చూడాలంటే మన ‘స్త్రీ’ అనే అక్షరాన్ని తీసుకోండి. కాగితం మీద అది ఒక్కటే అక్షరం. కంప్యూటరుకు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘమైన గుడి అని ఆరు ముక్కలుగా అందుతుంది. అన్నిటికన్నా చివర వచ్చిన గుడిని తీసుకెళ్లి మొదట వచ్చిన ‘స’ నెత్తిమీద పెట్టాలి. తావత్తు, రావత్తు కింద సర్దాలి. ఈ మర్మం తెలియని పాత కంప్యూటర్లలో ముక్కలన్నీ పక్కపక్కనే, గాడితప్పిన రైలుపెట్టెల్లా కనబడేవి.

సరే, మన కథలోకి వద్దాం. ఆ ఆదివారం భారతికి దరఖాస్తు నకలు కావలసివచ్చింది, హెడ్‌మాస్టరుగారికి ఇవ్వాలట. ఆ పేజీలోనూ పాత బ్రౌజరు అదే మొరాయింపు! నాకు మాత్రం పండగలా ఉంది. జబ్బు మళ్లీ కనబడితేనే కదా పరీక్ష చేయగలిగేది!

పాత బ్రౌజరులోనే ‘ప్రైవేట్ విండో’ అనే వేరే కిటికీ తెరిచి అదే పేజీ పెట్టాను. బొత్తాం చక్కగా పనిచేసింది! “అదేమిటి బాబాయ్, ఇదీ పాతదే కదా!” అని భారతి నోరు తెరిచింది.

ప్రైవేట్ విండోలో పాత సందర్శనల గుర్తులు ఉండవు. మనం తగిలించుకున్న ‘ఎక్స్‌టెన్షన్’లు కూడా, ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప, అందులో పనిచేయవు. అంటే ఇక్కడా రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. కాబట్టి మామూలు కిటికీకి తిరిగివచ్చి, ఒక్కొక్కటే మార్చాం. అందులో మూడు ఎక్స్‌టెన్షన్‌లు ఉన్నాయి: నిఘంటువు ఒకటి, తెరను ఫొటో తీసేది ఒకటి, ప్రకటనలను అడ్డుకునేది ఒకటి. నిఘంటువును ఆపి పేజీ మళ్లీ తెరిచాం. ఫలితం లేదు. రెండోదాన్ని ఆపాం. లేదు. మూడోదాన్ని ఆపగానే బొత్తాం కదిలింది! మిగతా రెండింటినీ తిరిగి పెట్టినా కదిలింది. మూడోదాన్ని పెడితే ఆగింది, తీస్తే కదిలింది. ఇలా మూడుసార్లు చేశాక కాని భారతి నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిది.

జరిగింది ఏమిటంటే, ఆ బొత్తానికి పని చెప్పే చిన్న ప్రోగ్రాము వేరే చిరునామానుంచి రావాలి. ప్రకటనల కాపలావాడు దాన్నీ ప్రకటనే అనుకుని గుమ్మంలోనే ఆపేశాడు. కొత్త బ్రౌజరుకు కాపలావాడే లేడు, అందుకని అది ‘మంచిది’ అయింది!

“అయినా కొత్తదే వేగంగా ఉంది” అని భారతి పట్టు. సరే, గడియారం పెట్టాం. ఒకే పేజీ కొత్తదాంట్లో 4 సెకన్లు, పాతదాంట్లో 9. గెలిచానన్నట్టు చూసింది. “మళ్లీ కొలువు” అన్నాను. ఈసారి పాతదాంట్లోనూ నాలుగే! ఒకసారి తెరిచిన పేజీలోని బొమ్మలను బ్రౌజరు తన దగ్గర దాచుకుంటుంది. రెండోసారి దూరంనుంచి తెచ్చుకోనక్కరలేదు. కొత్తదాంట్లో ఆ పేజీని భారతి పొద్దుటే చూసి ఉంది, పాతదాంట్లో అదే మొదటిసారి. నవ్వకండి, ఒకప్పుడు నేనూ ఇలాగే మోసపోయి, ‘వేగం’ కోసం బ్రౌజరు మార్చి, మూడు నెలల తరవాత మళ్లీ పాతదానికే చేరాను.

అయితే బ్రౌజర్లన్నీ ఒకటేనా? కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టడం చూశారా? చాసిస్, ఇంజను ఒకే కంపెనీవి, పైన బాడీ, రంగులు, పూలు వేరు. బ్రౌజర్లకూ లోపల ఇంజను ఉంటుంది. క్రోమ్, ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్ నాలుగింటిలోనూ ఉన్నది బ్లింక్ అనే ఒకే ఇంజను. ఫైర్‌ఫాక్స్‌లో గెకో, సఫారీలో వెబ్‌కిట్. ఒపేరా 2013లో, ఎడ్జ్ 2020లో తమ సొంత ఇంజన్లు వదిలేసి ఇందులోకి వచ్చాయి. క్రోమ్‌నుంచి ఎడ్జ్‌కు మారితే బాడీ మారినట్టే, పేజీ కట్టే తీరు దాదాపు మారదు.

ఎవరిది ఏ ఇంజనైతే మనకేం అంటారా? మన తెలుగువాళ్లకు ఒకప్పుడు బాగానే తగిలింది. 2000 తరవాతి కొన్నేళ్లు, ప్రపంచంలో నూటికి తొంభైమందికి పైగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాడేవారు. పోటీ లేకపోయేసరికి 2001లో ఆరో రూపం వచ్చాక ఏడోది 2006 దాకా రాలేదు. ఆ రోజుల్లో కొన్ని తెలుగు పత్రికలు యూనికోడ్ కాకుండా సొంత ఫాంట్లు వాడేవి. పేజీతోపాటు వచ్చే ఆ ఫాంటు ఆ ఒక్క బ్రౌజరుకే అర్థమయ్యే పద్ధతిలో ఉండేది. మరోదాంట్లో తెరిస్తే వార్తలకు బదులు ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం! 2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చినా, ఆ వార్తలు చదవాలనుకునేవాళ్లు మారలేకపోయారు. అప్పుడు ‘పద్మ’ అనే ఎక్స్‌టెన్షన్ వచ్చి, ఆ కలగాపులగాన్ని యూనికోడ్ తెలుగుగా మార్చి చూపింది. తాళం ఒక పక్క, మారుతాళంచెవి ఇంకో పక్క! పత్రికలు యూనికోడ్‌కు మారాక దాని అవసరం తీరిపోయింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా 2022 జూన్‌లో సెలవు తీసుకుంది.

చివరకు భారతి కొత్తదానికి మారడానికే నిశ్చయించుకుంది. పాతది చెడ్డదని కాదు, కొత్తదాని అక్షరాలు కంటికి హాయిగా ఉన్నాయట. అది న్యాయమైన కారణమే. ప్రకటనల కాపలావాణ్ని అందులోనూ పెట్టుకుంది, కాని ఆ దరఖాస్తు పేజీని మాత్రం వదిలెయ్యమని వాడికి చెప్పింది. ఇక దాచుకున్న చిరునామాలను, అంటే బుక్‌మార్కులను, తరలించాలి. పాత బ్రౌజరులో ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే ఒక ఫైలు వస్తుంది, కొత్తదాంట్లో ‘ఇంపోర్ట్’ నొక్కితే అన్నీ వచ్చి కూర్చుంటాయి. ఆ ఫైలును ఉత్త నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూపించాను. మీరూ చూడండి. మొట్టమొదటి వరుసలో పెద్ద అక్షరాలతో ‘నెట్‌స్కేప్’ అని ఉంటుంది.

“అదెవరు బాబాయ్?” అంది భారతి.

1994లో పుట్టి, ఒకప్పుడు అందరికన్నా ముందుండి, 2008లో ఆగిపోయిన బ్రౌజరు అది. అది పెట్టిన పద్ధతిలోనే బ్రౌజర్లు ఈనాటికీ బుక్‌మార్కులు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి.