బిళ్ళ చెక్కే పిల్లల చేతులు జాగ్రత్త

వేసవి సెలవుల్లో పిల్లలు చెట్టు కింద చేరి బిళ్ళంగోడుకు బిళ్ళ చెక్కుకుంటారు. ఆట మంచిదే, మాన్పించవద్దు. అయితే మేము కట్టు కట్టేది ఎక్కువగా కర్ర పట్టుకున్న చేతికే, కత్తి పట్టుకున్న చేతికి కాదు.

మొద్దు కత్తి ఇస్తే తెగదులే అని కొందరు తల్లులు అనుకుంటారు. అది పొరపాటు. మొద్దు కత్తిని బలంగా నొక్కాలి, అప్పుడే జారుతుంది. పదునైన చిన్న చాకు ఇచ్చి, పెద్దవారు ప్రక్కనే ఉండండి. బిడ్డ కూర్చునే చెక్కాలి. కత్తి ఒంటివైపు కాక అవతలికి పోవాలి. కర్రను తొడమీద ఆనించకూడదు, అక్కడ పెద్ద రక్తనాళం ఉంది. చేయి చాచినంత దూరంలో మరో బిడ్డ కూర్చోకూడదు.

తెగితే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి, మధ్యలో తీసి చూడవద్దు. చేయి పైకెత్తి ఉంచండి. రక్తం ఆగకపోతే అదిమి పట్టుకొనే ఆసుపత్రికి రండి. చిన్న గాయమైతే రక్తం ఆగాక మంచినీళ్ళతో కడగండి. కాఫీపొడి, సున్నం, పేడ పెట్టకండి. వాటిని కడిగి తీసేటప్పుడే బిడ్డ ఎక్కువ ఏడుస్తాడు!

రక్తం ఆగినా, వేలు వంచి చాపమని చెప్పి చూడండి. వంగకపోయినా, చాపలేకపోయినా, కొస తిమ్మిరిగా ఉన్నా లోపల నరమో, వేలిని కదిలించే తాడో తెగి ఉండవచ్చు. "రేపు చూద్దాం" అనక ఆ రోజే తీసుకురండి. టీకాల కార్డు కూడా తెండి. 10, 16 ఏళ్ళకు వేయించవలసిన టీ.డి. ఇంజెక్షను చాలామంది మరచిపోతున్నారు.