ప్రశ్నలు - జవాబులు: కంపెనీ దివాలా తీస్తే మన జీతం బాకీ ఏమవుతుంది?

ప్రశ్న: పటాన్‌చెరులోని ఒక ఫ్యాక్టరీలో 11 ఏళ్లుగా మెషిన్ ఆపరేటర్‌గా చేస్తున్నాను. ఏడు నెలల జీతం రావాలి. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేశాం. ఇప్పుడేమో కంపెనీ దివాలా కేసులోకి వెళ్లింది, ఇక ఏ కేసూ నడవదంటున్నారు. ఉన్నదంతా బ్యాంకులే పట్టుకుపోతాయా?
- ఒక కార్మికుడు, పటాన్‌చెరు

జవాబు: కేసు ఆగినంత మాత్రాన మీ హక్కు పోదు. 2016 నాటి దివాలా చట్టం కింద కంపెనీ లా ట్రిబ్యునల్ కేసు స్వీకరించగానే మారటోరియం అమల్లోకి వస్తుంది. కంపెనీ మీద బాకీ దావాలన్నీ అక్కడితో ఆగిపోతాయి. యాజమాన్యం చేతిలోని పెత్తనం రిజల్యూషన్ ప్రొఫెషనల్ చేతికి వెళ్తుంది. ఇకనుంచి మీరు అడగాల్సింది ఆయన్నే.

ఆయన పత్రికల్లో ప్రకటన ఇస్తారు. దివాలా బోర్డు (ఐబీబీఐ) వెబ్‌సైట్‌లోనూ అది ఉంటుంది. కార్మికులు, ఉద్యోగులు క్లెయిమ్ పెట్టుకోవాల్సింది ‘ఫారం డి’లో. ఆయన నియామకమైన నాటి నుంచి 14 రోజులు గడువు. అది దాటిపోయినా, కేసు మొదలైన 90 రోజుల్లోపు ఆలస్యానికి కారణం రాసి పెట్టుకోవచ్చు. చేతికి ఇవ్వవచ్చు, పోస్టులో పంపవచ్చు, ఈమెయిల్ చేయవచ్చు. దీనికి ఫీజు లేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. లేబర్ ఆఫీసులో పాత ఫిర్యాదు ఉంది కదా అని ఊరుకోకండి, ఫారం విడిగా ఇవ్వాల్సిందే.

లెక్క నెలవారీగా వేయండి: జీతం, ఓవర్‌టైమ్, వాడుకోని సెలవుల డబ్బు, బోనస్, గ్రాట్యుటీ. ఉదాహరణకు చివరి బేసిక్, డీఏ కలిపి 15,600 రూపాయలు అనుకుందాం. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాదికి 9,000. మీ 11 ఏళ్లకు 99,000 రూపాయల గ్రాట్యుటీ. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఐడీ కార్డు జిరాక్సులు జతచేయండి. పే స్లిప్పులు లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంటే పెద్ద ఆధారం.

కంపెనీని అమ్మి అప్పులు తీర్చాల్సి వస్తే ముందు ఆ ప్రక్రియ ఖర్చులు తీరాలి. ఆ వెంటనే, తనఖా వదులుకున్న బ్యాంకులతో సమానంగా, కార్మికులకు 24 నెలల వరకు బకాయిలు చెల్లించాలని 53వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి బ్యాంకుల తర్వాత మిగిలితేనే మీకు అన్న మాట నమ్మకండి.

ప్రశ్న: విశాఖలో ఒక కంపెనీలో అకౌంట్స్ మేనేజర్‌ని. రెండేళ్లుగా పీఎఫ్ కోశారు కానీ కట్టలేదు. కంపెనీ లిక్విడేషన్‌కు వెళ్లింది. మేనేజర్లకు ఏమీ రాదంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నిజం కాదు. మీ వరుస కార్మికుల తర్వాతది, 12 నెలల జీతం బకాయి వరకు. పీఎఫ్ సంగతి వేరు. 36వ సెక్షన్ ప్రకారం పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల నుంచి రావాల్సిన సొమ్ము అప్పులవాళ్లకు పంచే ఆస్తిలో కలవదు. జెట్ ఎయిర్‌వేస్ కేసులో ఉద్యోగుల పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలని అప్పీలు ట్రిబ్యునల్ 2022లో చెప్పింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. అయితే కొనుగోలుదారు ప్రణాళిక అమలు కాక, 2024 నవంబరులో ఆ సంస్థను లిక్విడేషన్‌కు పంపాల్సి వచ్చింది. అనుకూలంగా తీర్పు వచ్చినా డబ్బు చేతికందడానికి ఏళ్లు పడుతుందని గుర్తుంచుకోండి.

యూఏఎన్ పాస్‌బుక్ తీసి, కోత పడినా జమకాని నెలలు గుర్తించండి. పీఎఫ్ ఆఫీసుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలుతో లిక్విడేటర్‌కు కూడా క్లెయిమ్ పెట్టండి. లిక్విడేషన్ మొదలైన 30 రోజుల్లోపే ఇవ్వాలి. లిక్విడేటర్ తిరస్కరిస్తే, ఆ నిర్ణయం అందిన 14 రోజుల్లో ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

ఇద్దరికీ ఒక మాట: ‘ఫుల్ అండ్ ఫైనల్’ కాగితం మీద డబ్బు చేతిలో పడకుండా సంతకం పెట్టకండి. తోటివాళ్లతో కలిసి అధీకృత ప్రతినిధి ద్వారా ఉమ్మడిగా క్లెయిమ్ పెట్టే వీలుంది. లాయరు ఖర్చుకు భయపడి ఆగొద్దు. మహిళలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఇది చట్టం ఇచ్చిన హక్కు, వాడుకోండి.