ఆస్పత్రి ఫైల్లో ఇంగ్లీషు

ఇంగ్లీషు మాటలు ఎంత బట్టీపట్టినా నిలవడం లేదని దిగులుపడే అక్కచెల్లెళ్ళకు ఒకటి చెబుతాను, కోప్పడకండి. ఆ మాటల పట్టీలు పక్కన పడేయండి. బీరువాలో ఆస్పత్రి ఫైలు ఉంటుంది కదా, మీదో అత్తగారిదో, అది తీయండి. ఇంగ్లీషు మాటలకు వేళ్ళైన గ్రీకు, లాటిన్ కావలసినంత అందులోనే ఉన్నాయి. 1949లో వచ్చిన నార్మన్ లూయిస్ 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' కూడా ఒక పాఠాన్ని డాక్టర్ల పేర్లతోనే నడిపింది.

టాన్సిలైటిస్, గ్యాస్ట్రైటిస్, ఆర్థ్రైటిస్. మూడింటి తోకా ఒకటే. చివర 'ఐటిస్' ఉందంటే ఆ భాగం వాచి బాధపెడుతోందన్నమాట. గ్రీకులో గ్యాస్టర్ పొట్ట, ఆర్థ్రాన్ కీలు. హెపార్ అంటే కాలేయమని చెబితే చాలు, హెపటైటిస్ ఏమిటో మీరే చెప్పేస్తారు. మూత్రపిండాల దగ్గరే కాస్త తికమక. డాక్టరు బోర్డు మీద నెఫ్రాలజీ, పరీక్ష కాగితం మీద రీనల్. మొదటిది గ్రీకు నుంచి, రెండోది లాటిన్ నుంచి వచ్చాయి. పుట్టింట్లో ఒక పేరు, అత్తింట్లో ఒక పేరు ఉన్న కోడలిలాగ, మనిషి మాత్రం ఒకతే.

థైరాయిడ్ ఉన్నవాళ్ళకు హైపో ఏదో, హైపర్ ఏదో ఎప్పుడూ సందేహమే. హైపర్ మన ఉపరితలంలోని 'ఉపరి'కి చుట్టం, అంటే పైన. హైపో మన 'ఉప'కు చుట్టం, ఉపాధ్యక్షుడు అధ్యక్షుడి కింద కదా! గుర్తుండడానికి నేను అల్లిన కథ కాదిది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని భాషా పండితుడు విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో చెప్పాడు. అనీమియాలో ముందున్న 'అన్', మన అనారోగ్యంలోని 'అన్' తోబుట్టువులే. తెలుగు ఆ కుటుంబంలోది కాదు, నిజమే. కానీ సంస్కృతం మాటలు మన నోళ్ళలో ఎంతగా నానాయో మీకు తెలియనిదా? సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు అని ఒకసారి పైకి అనండి, సప్త, అష్ట, నవ, దశ వినబడతాయి. తొమ్మిదో నెలకు ఏడేమిటంటారా, రోమన్ల పాత ఏడాది మార్చితో మొదలయ్యేది మరి.

అలాగని పోలిక కనబడగానే సంబరపడిపోకూడదు. పెడిక్యూర్‌లో ఉన్నది లాటిన్ పాదం, పీడియాట్రిక్స్‌లో ఉన్నది గ్రీకు పిల్లవాడు. అనుమానమొస్తే మాట పుట్టుక కూడా ఇచ్చే మంచి నిఘంటువు తిరగేయండి.

నేనీ ముచ్చట ఎత్తింది అసలు 'ఎక్టమీ' కోసం. దానర్థం కోసి బయటికి తీసేయడం. హిస్టెరెక్టమీ గర్భసంచిని తీయడం, ఊఫరెక్టమీ అండాశయాన్ని తీయడం. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. సంతకం పెట్టమన్న కాగితం మీద ఆ రెండో మాట కూడా కనబడితే కలం కింద పెట్టి, అండాశయాలు ఎందుకు తీస్తున్నారో అడగండి. అవి రెండూ పోతే, వయసు ఇంకా ఉన్నా మెనోపాజ్ ఒక్కసారిగా మీద పడుతుంది. మా ఆయన సంతకం పెట్టేశారులే అని ఊరుకోకండి, ఒళ్ళు మీది.

హిస్టెరా అంటే గ్రీకులో గర్భసంచి. హిస్టీరియా పుట్టిందీ అందులోంచే. ఆడదాని మనసు చెదిరితే తప్పు గర్భసంచిదేనని పాతకాలపు పెద్దల నమ్మకం. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ఆ రోగం పేరును తన జాబితాలోంచి తీసేసింది. మనిళ్ళలో మాత్రం గొంతు కాస్త పెంచిన ఆడవాళ్ళ మీద ఇంకా వాడుతూనే ఉన్నారు.