వేకువనే ఒడ్డున నిలిచిన ప్రభువు



మన క్రోసూరు చుట్టుపక్కల పత్తి, మిరప తెలిసినంతగా పడవ, వల తెలియవు. అందుకే యోహాను సువార్త 21వ అధ్యాయం గుడిలో చదివితే మనలో చాలామంది ఎక్కడో జరిగిన సంగతిలా వింటాము. గోదావరి ఒడ్డు విశ్వాసులు అలా వినరు. వానాకాలంలో ఎర్రనీరు రాగానే సముద్రంలోని విలస చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ నదిలోకి వస్తుంది. అప్పుడు దాని పేరు పులస. దానికోసం జాలరులు చీకటితోనే పడవలెక్కుతారు, ఎన్నోసార్లు ఖాళీ వలతో తిరిగి వస్తారు. పుస్తెలు అమ్మి అయినా పులస తినాలని సామెత. వివాహం దివ్యసంస్కారమని నమ్మే మనం ఆ సామెతను నవ్వి వదిలేద్దాం!

పేతురుకు, అతనితోటి ఆరుగురికి ఆ రాత్రి తిబేరియా సరస్సులో దక్కింది ఆ ఖాళీ వలే. 1986లో కరువువల్ల నీరు తగ్గి, ఆ సరస్సు బురదలో క్రీస్తు కాలంనాటి పడవ ఒకటి బయటపడింది. పొడవు 8 మీటర్ల పైచిలుకు, వెడల్పు 2.3 మీటర్లు. అటువంటి ఇరుకులో రాత్రంతా ఏడుగురు! ఆ అలసట ఏమిటో తెల్లవారకముందే మిరపకోతకు ఆటో ఎక్కే తల్లులకు వేరే చెప్పాలా?

ఉత్థానుడైన ప్రభువును చూచిన తరువాత కూడా పేతురు చేపలవేటకు పోవడం తప్పు కాదా అని కొందరు అడుగుతారు. 590 నుండి 604 వరకు పోపుగా ఉన్న పునీత గ్రెగోరి గారు దీనికి చక్కని జవాబు చెప్పారు. పేతురు మళ్లీ వల పట్టాడు. మత్తయి మాత్రం మళ్లీ సుంకపు మెట్టు వద్ద కూర్చోలేదు. పాపం లేని పనికి తిరిగి వెళ్లవచ్చు, పాపంలోకి లాగే పనికి వెళ్లకూడదు. పొలంపని, కూలిపని, కుట్టుపని దేవునికి అడ్డు కావు. కాని నకిలీ విత్తనమని తెలిసీ తోటి రైతుకు అంటగట్టేవాడు, నూటికి పది వడ్డీ గుంజేవాడు "ఫాదర్, ఇదీ పొట్టకూటి పనే గదా" అంటే నేను ఒప్పుకోను. అది మత్తయి వదిలివచ్చిన బల్ల.

ఇక వేకువన ప్రభువు ఏమి చేశాడో గమనించండి. రాత్రి ప్రార్థన చేశారా అని అడగలేదు. తినడానికి ఏమైనా దొరికిందా అని అడిగాడు. పడవ వదలి రమ్మనలేదు, కుడిప్రక్కన వల వేయమన్నాడు. పడినవి 153. పునీత అగస్టీను గారు 1 నుండి 17 వరకు కూడితే 153 అవుతుందని, 10 ఆజ్ఞలు, 7 పవిత్రాత్మ వరాలు కలిసి 17 అని వివరించారు. వివరణ బాగుంది గాని, నాకు ముందు కనిపించేది చేపలు లెక్కపెట్టుకునే జాలరి ఆనందమే.

ఒడ్డున బొగ్గుల నిప్పు ఉంది. యోహాను తన సువార్తలో బొగ్గుల నిప్పు అనే ఆ గ్రీకుమాట రెండేసార్లు వాడాడు. మొదటిది 18వ అధ్యాయంలో, ప్రధానార్చకుని ముంగిట. అక్కడ చలికాచుకుంటూనే పేతురు ప్రభువును ఎరుగనన్నాడు. రెండవది ఇక్కడ. మూడుసార్లు బొంకినవాణ్ణి ప్రభువు మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. అయితే ఆ ప్రశ్న ఎప్పుడు వచ్చిందో చూడండి: రొట్టె, చేప తన చేతితో వడ్డించి, వాళ్లు తిన్న తరువాత.

ఈ ఆదివారం రాత్రి భోజనాల తరువాత, పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని, 21వ అధ్యాయం 1 నుండి 19 వచనాలు ఇంట్లో చదవండి. ఆ మూడు ప్రశ్నల దగ్గర కాసేపు ఆగండి.