ఓవెను నిర్మింపదలచిన గ్రామము

మానవుని స్వభావమును తీర్చిదిద్దునవి పరిసరములేయని రాబర్టు ఓవెను నమ్మెను. వేల్సు దేశమున 1771లో జన్మించిన ఈతడు 1800లో స్కాట్లండునందలి న్యూ లానార్కు నూలుమిల్లుల నిర్వహణము చేపట్టి, పదియేండ్లలోపు పిల్లలను పనిలో చేర్చుకొనుట మాన్పించెను; 1816లో వారికై విద్యాలయమును తెరచెను. మిల్లున ఫలించినది లోకమున నేల ఫలింపదు? ఇట్లు తలచి 1824లో అమెరికాకు బోయి, 1825లో ఇండియానా రాష్ట్రమున వాబాషు నదీతీరమందలి యొక గ్రామమునంతయు కొని, దానికి న్యూ హార్మనీ యని పేరిడెను. నవసామరస్యమని దాని యర్థము.

వచ్చినవారినెల్ల చేర్చుకొనిరి. జనసంఖ్య సుమారు 800 అయ్యెను. పండితులకును, వాదించువారికిని కొదువ లేదు. నాగలి పట్టువారును, పనితనము గల కమ్మరి వడ్రంగులును చాలరైరి. 1826 ఫిబ్రవరిలో సర్వసమానత్వ నిబంధనలు వ్రాసికొనిరి. కాని యెండలో చెమటోడ్చినవానికిని, నీడన గూర్చుండి యుపన్యసించినవానికిని భాగమొక్కటియే యైనచో మొదటివాని మనస్సెట్లుండును? ఆ నిబంధనలలో దీనికి సమాధానము లేకపోయెను. 1827 నాటికి సంఘము విచ్ఛిన్నమయ్యెను. ఓవెను ధనములో నధికభాగము నశించెను.

లోపమంతయు మానవస్వభావముదే యనుట సులభము. అయితే న్యూ లానార్కున నొక్కొక్క యలవాటును మార్చుటకు దాదాపు పాతికేండ్లు శ్రమించినవాడే, ఇచ్చట రెండేండ్లలో సమస్తమును మార్పజూచెను. తండ్రి మరలిపోయినను కుమారులచ్చటనే నిలిచిరి. ఆయన సహచరుడు విలియం మెక్లూరు 1838లో శ్రామికులకై స్థాపించిన గ్రంథాలయము నేటికిని ఆ యూర నున్నది.