గోదారి గట్టున కాపురం: ఆయనకు ఆశ, నాకు దిగులు

సమస్య



నాకు యాభై ఎనిమిదేళ్లు. మావారు ఈమధ్యే రిటైరయ్యారు. హైదరాబాద్ కూకట్‌పల్లిలో సొంత ఫ్లాట్ ఉంది. అబ్బాయి కుటుంబం బెంగళూరులో ఉంటుంది. పోయిన కార్తీకంలో రాజమండ్రి వెళ్లాం. పుష్కర ఘాట్‌లో హారతి, పాపికొండల లాంచీ, మారేడుమిల్లి అడవి, కడియం నర్సరీలు చూసొచ్చాం. అప్పట్నుంచీ ఆయనది ఒకటే మాట: ఈ ఫ్లాట్ అమ్మేసి గోదారి కనబడే ఇల్లు కొందామని. బ్రోకర్లతో మాట్లాడుతున్నారు కూడా.

ఊరు నాకూ నచ్చింది. కానీ ఏళ్ల తరబడి ఇంట్లో పిల్లలకు సంగీతం నేర్పుతున్నాను. పొద్దున్నే పార్కులో కలిసే స్నేహితులున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు, ఆయనకు గుండెలో స్టెంటు. అక్కడ మాకు తెలిసినవాళ్లు లేరు. వద్దంటే, ‘బతుకంతా ఈ ట్రాఫిక్‌లోనే గడిచింది, ఇంకెప్పుడు?’ అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. సరే అందామంటే నా బతుకు మళ్లీ మొదట్నుంచి మొదలవుతుంది. నాది స్వార్థమా?

– పేరు వద్దన్న సోదరి, హైదరాబాద్

సలహా

అమ్మా,

స్వార్థం అన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. ఉద్యోగమంతా ఆఫీసుకీ ఇంటికీ మధ్య నలిగిన మనిషి ఏటి ఒడ్డున నాలుగడుగులు వేయాలనుకోవడం న్యాయమే. పాఠాలూ స్నేహాలూ దూరమవుతాయని మీరు బెంగపడటమూ న్యాయమే. చిక్కల్లా, ఒక్క కార్తీక మాసాన్ని చూసి జీవితకాలపు నిర్ణయం తీసుకోబోవడం.

మీరు చూసింది తేటపడిన గోదారిని. అక్కడ కాపురముండేవాళ్లకు మిగతా నెలలూ ఉంటాయి. మేలో నలభై డిగ్రీలు దాటే ఎండలు, రాత్రయినా వదలని ఉక్కపోత. జులై, ఆగస్టుల్లో ఎర్రనీళ్లు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అప్పుడు రేవుల మెట్లు మునుగుతాయి, లాంచీలు ఆగిపోతాయి. 2019 సెప్టెంబరులో పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయింది వరద నీటిలోనే. ఏటి ఒడ్డున ఉండాలనుకునేవాళ్లు కొన్నాళ్లు ఆ ఏటికి దూరంగా ఉండటమూ అలవాటు చేసుకోవాలి.

అందుకే, ఫ్లాట్ ఇప్పుడే అమ్మకండి. దాన్ని పదకొండు నెలలకు అద్దెకిచ్చి, మీరు రాజమండ్రిలో అద్దెకు దిగండి. దిగడం కూడా మే నెలలోనే. ఎండ, వరద, కార్తీకం, సంక్రాంతి అన్నీ ఆ గడువులోనే వస్తాయి. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ పేరు చెప్పి ‘ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదు’ అని తొందరపెట్టే బ్రోకరుకు అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇల్లు గట్టు మీదే ఉండాలని పట్టుబట్టకండి. దానవాయిపేట, ప్రకాశ్‌నగర్ లాంటి చోట చూసుకోండి. సాయంత్రం ఆటోలో రేవుకు వెళ్లొచ్చు. మీ మోకాళ్లకు లిఫ్టు తప్పనిసరి. ఇల్లు చూడకముందే ఒక సంగతి తేల్చుకోండి: అర్ధరాత్రి మీవారికి ఛాతీలో నొప్పి వస్తే ఏ ఆసుపత్రికి వెళ్లాలి, ఎంతసేపట్లో చేరగలరు? ఇప్పుడు చూస్తున్న డాక్టరు దగ్గర రిపోర్టులన్నీ తీసుకుని, అక్కడి గుండె డాక్టరును ముందే ఒకసారి కలవండి.

ఇక మీ సంగతి. కేవలం మీవారి వెంట వెళ్తే మీకు అక్కడ ఒంటరితనమే మిగులుతుంది. మీ పనిని వెంటబెట్టుకుని వెళ్లండి. దిగిన నెలలోపే సంగీతం క్లాసుకు బోర్డు పెట్టండి. హైదరాబాద్ పిల్లలకు వీడియోలో పాఠం కొనసాగించండి. అప్పుడప్పుడూ రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పండి.

కందుకూరి వీరేశలింగం గారు 1881లో వితంతు వివాహం జరిపించిన ఊరది. గౌతమీ గ్రంథాలయం, ముప్పై నిండకుండానే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, నాటకాలూ కచేరీలూ జరిగే ఆనం కళాకేంద్రం అక్కడున్నాయి. యాత్రికుల్లా తిరిగితే ఇవన్నీ వారంలో అయిపోతాయి. తర్వాత ఏం చేస్తారని మీవారిని అడగండి. గ్రంథాలయంలో రోజూ కూర్చుని చదువుతారా? కడియం నుంచి తెచ్చిన మొక్కల్ని ఎండల్లో బతికించుకుంటారా? ప్రతిరోజుకూ ఒక పని, ఆ పనిలో కలిసే నలుగురు మనుషులు ఉంటేనే కొత్త ఊరు సొంతూరవుతుంది.

ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి. గడువు తీరిన రోజున ఇద్దరూ విడివిడిగా కాగితం మీద ‘ఉందాం’ లేదా ‘వెళ్దాం’ అని రాయండి. రెండు కాగితాల మీదా ‘ఉందాం’ అని ఉంటేనే ఇల్లు కొనే మాట ఎత్తాలి. ఒకరు ‘వెళ్దాం’ అన్నా ఫ్లాట్ అమ్మకూడదు. ఈ షరతుకు మీవారు ముందే ఒప్పుకుంటే, మీరు ధైర్యంగా సామాను సర్దుకోవచ్చు.